మొదటి ముద్ద మాస్టారిది

శుక్రవారం మధ్యాహ్నం బళ్ళో అన్నం తిన్న పిల్లలు కాసేపటికే కక్కుకోవడం మొదలెట్టారు. చెరువుల ఆసామి రాజుగారి జీపూ, చేపల వ్యానూ కలిసి పదిమందిదాకా పిల్లల్ని భీమవరం ఆసుపత్రికి చేర్చాయి. పొద్దు వాలేసరికి అందరూ తేరుకున్నారని కబురొచ్చింది, ఒక్క పాపాయి తప్ప. పాపాయి రెండో తరగతి పిల్ల, చేపల చెరువు కాపలా కాసే బుల్లియ్య కూతురు. ఆ పిల్ల మాత్రం కళ్ళు తెరవలేదు. ఊరంతా బడి మీద పడి "ఏం పెట్టి చంపుతున్నారు మా పిల్లల్ని?" అని నిలదీసినప్పుడు, ఆ బడికున్న ఒకే ఒక్క మాస్టారు భాస్కరం ఆ గాభరాలో ఒక మాట అనేశాడు. "నేనూ అదే తిన్నాను కదండీ, నాకేమైంది?" అన్నాడు. ఆ మాటతో జనం వెనక్కి తగ్గారు. మాస్టారి పని మాత్రం, చేప తినని మనిషికి గొంతులో చేపముల్లు దిగబడ్డట్టయింది.

ఎందుకంటే ఆయన తినలేదు. ఆ రోజనే కాదు, ఏ రోజూ తినలేదు.

బళ్ళో అన్నం వండి పెట్టడం ఆ ఏడే కొత్తగా వచ్చింది. అంతకుముందు నెలకింతని పిల్లలకి బియ్యం కొలిచి ఇచ్చేవాళ్ళు. పిల్లలు ఆ మూట నెత్తినెట్టుకుని ఇంటికి పోతే మాస్టారికి తూకం గొడవ తప్ప వేరే గొడవ ఉండేది కాదు. ఇప్పుడు పొయ్యి బళ్ళోకొచ్చింది. పొయ్యితోపాటు ఒక రూలూ వచ్చింది. వండింది ముందుగా మాస్టారు తినాలి. తిని, కాసేపు ఆగి, తనకేం కాలేదనుకున్నాకే పిల్లలకి వడ్డించాలి. వెనకటికి మహారాజుల భోజనంలో విషముందేమో చూడ్డానికి ఒక మనిషిని పెట్టుకునేవారట. రాజ్యాలు పోయాయి గానీ ఆ ఉద్యోగం పోలేదు, బడిపంతులి నెత్తికొచ్చింది. అయినా రూలు మంచిదే. పిల్లల కంటే ముందు పెద్దవాడి ప్రాణం పణం పెట్టమనే రూలులో వంకేముంది?

వంక మనుషుల్లో ఉంది. భాస్కరం అమలాపురం అవతల అగ్రహారంలో పుట్టినవాడు. వంట చేసే రత్నమాణిక్యం పేట మనిషి. మన ఊళ్ళలో పుట్టినవాడికి ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదు.

అలాగని ఆయన చెడ్డవాడు కాడు. పేట పిల్లల ముక్కులు తన తువ్వాలుతోనే తుడిచేవాడు. పక్కన కూచోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించేవాడు. చేతికి లేని అడ్డం నోటి దగ్గరికొచ్చేసరికి ఎక్కడినుంచో వచ్చేది. ఎందుకొస్తుందో ఆయనకే తెలిసేది కాదు, తెలుసుకుందామనీ అనుకోలేదు. రోజూ గరిటెడు అన్నం అరచేతిలో వేయించుకునేవాడు. వాసన చూసి "బాగుంది, పెట్టెయ్" అనేవాడు. రత్నమాణిక్యం తల తిప్పగానే ఆ మెతుకులు కాకులపాలు. తరవాత తరగతి గదిలోకి పోయి, తలుపు ఓరగా వేసుకుని, భార్య అమ్మణ్ణి కట్టిచ్చిన క్యారేజీ విప్పి, పిల్లలవైపు వీపు తిప్పుకుని పెరుగన్నం తినేవాడు. పిల్లలు తింటుంటే చూడ్డం దిష్టి అని తనకి తాను చెప్పుకున్నాడు. అసలు సంగతి ఏంటంటే, వాళ్ళు తింటున్నది చూస్తే తాను తిననిది గుర్తొచ్చేది.

ఇప్పుడు ఆ గదిలోనే, ఖాళీ బెంచీ మీద, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. ఎదర గోడకి నల్లబల్ల. దాని మీద పొద్దున తాను రాసిన కూడికలు అలాగే ఉన్నాయి, చెరిపే పిల్లలు లేక. ఒక మూల వాంతి మీద పోసిన ఇసక. ఒక చెప్పు. రెండోది ఏ జీపులో పోయిందో.

ఆ గదిలోనే అయిదు తరగతులు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే మూడో తరగతి ఎక్కాలు తప్పు చదువుతారు. వాళ్ళని సరిదిద్దేలోపు అయిదోవాళ్ళు కిటికీలోంచి చెరువుగట్టు మీదకి దూకేస్తారు. ఇవి చాలవన్నట్టు ఒకరోజు మండలాఫీసులో మీటింగు, ఒకరోజు పోలియో చుక్కలు, ఒకరోజు ఇల్లిల్లూ తిరిగి ఎవరికి గేదెలున్నాయో రాసుకురమ్మంటారు. పాఠం చెప్పడమనేది వీటి మధ్య తీరిక దొరికితే చేసుకోవాల్సిన పని. ఎన్నోసార్లు ఈ ఉద్యోగం మీద ఆయనకి విరక్తి పుట్టింది. కానీ మొన్న బుధవారం ఒకటి జరిగింది. రోడ్డు మీద కల్వర్టు దగ్గర బస్సు స్లో అయింది. పాపాయి కిటికీ ఊచలు పట్టుకుని, కళ్ళు చికిలించి, "పా... ల... కొ..." అని ఆగి, ఊపిరి బిగబట్టి, "ల్లు! మాస్టారండీ, బస్సు మీద పాలకొల్లు అని ఉందండి!" అని కేకేసింది. ఆ బస్సు పాలకొల్లు పోతుందని ఊళ్ళో కుక్కకి కూడా తెలుసు. కానీ చదివి తెలుసుకున్నది మాత్రం ఆ పూట ఆ పిల్లే. నాలుగు నెలలుగా "ల" కి "ళ" కి తేడా తెలీక ఏడ్చిన పిల్ల. ఆ సాయంత్రం ఆయన ఇంటికెళ్ళి, ఉద్యోగం వచ్చిననాడు కూడా చెప్పనంత సంబరంగా ఆ సంగతి అమ్మణ్ణికి చెప్పాడు.

ఆ గొంతు ఇవాళ ఆసుపత్రిలో పలకటం లేదు.

"మాస్టారండి."

ఉలిక్కిపడ్డాడు. గుమ్మంలో రత్నమాణిక్యం. అన్ని రోజుల్లో ఎన్నడూ ఆ గడప దాటని మనిషి, పిలవకుండానే లోపలికొచ్చి గోడకానుకుని కింద చతికిలబడింది. నలభై ఏళ్ళ మనిషి, ఒక్క పూటలో ముసలిదైపోయింది. చీరకి ఇంకా సాంబారు మరకలున్నాయి.

"మీరు తిన్నానన్నారంటండి."

ఆయన బెంచీ మీంచి సగం లేచి మళ్ళీ కూచున్నాడు.

"ఆ మాట మీదే ఉండండి బాబూ. మీకు పున్నెముంటది."

"రత్నమాణిక్యం, నేను..."

"నాకు తెల్సులెండి. మొదటి రోజే తెల్సు. నాకేంటి, కాకులకి తెలీదాండి? మీరింకా గంట కొట్టకముందే వచ్చి గోడ మీద కూచునేయి. మాస్టారి చెయ్యి ఎప్పుడిసురుద్దా అని."

భాస్కరం మొహం నల్లబల్ల వైపు తిప్పుకున్నాడు. "తెలిసీ చెప్పలేదేం మరి?"

"చెప్పి? చెప్తే మర్నాటినుంచీ మీరు తినేత్తారా ఏంటి? నా పొయ్యి తీయించి ఇంకోళ్ళకి ఇప్పిత్తారు. పోన్లే, ఆయన తినకపోతే ఏం, పిల్లలు తింటన్నారు, మాస్టారు కొట్టడు తిట్టడు, అదే చాలనుకున్నానండి."

"నువ్వు తిన్నావా ఇవాళ?" అని ఆయన హఠాత్తుగా అడిగాడు. గొంతులో ఆశ.

"శ్రమల కాలం కదండీ, ఏసుప్రభువు ఉపాసాలు. శుక్రవారం. సందెదీపం పెట్టేదాకా మంచినీళ్ళే."

ఆ ఆశా పోయింది. అంటే ఆ బళ్ళో ఆ అన్నం తిన్న పెద్ద ప్రాణి ఒక్కటీ లేదు. ఒకరికి కులం అడ్డం, ఒకరికి ఉపవాసం అడ్డం. తిన్నది పసిపిల్లలు. మిగిలిందేమైనా చూద్దామంటే, భయపడిపోయిన తల్లులు అప్పుడే గుండిగ ఎత్తుకుపోయి కాలవలో గుమ్మరించేశారు.

"నేనేం కలపలేదండి," అంది ఆమె. గొంతు పెంచకుండానే అంది, పెంచితే ఏడుపొస్తుందన్నట్టు. "నా కడుపున పుట్టినోళ్ళు ఈ బళ్ళోనే చదివారండి. పప్పు మంచిదే, బియ్యం మీ ఎదరే కడిగాను. నూనంటారా, ఇచ్చిన నూనె పోశాను. అంతకుమించి నాకేం తెలీదు. బయట ఏవనుకుంటన్నారో విన్నారా? మాస్టారు తిని బాగానే ఉన్నాడు కాబట్టి ఇది వంట తప్పు కాదేమో అంటన్నారు. ఆ ఒక్క మాట మీద నిలబడి ఉన్నానండి నేను. అది తీసేశారంటే..."

"తీసేస్తే?"

"మిమ్మల్నేం చేత్తారండి? సస్పెండు. ఆర్నెల్లు ఇంట్లో కూచుని మళ్ళీ ఇంకో ఊరి బడికి పోతారు. నన్నేం చేత్తారో మీకు తెల్సా? నన్ను..." ఆమె వాక్యం పూర్తి చెయ్యలేదు. బయట మోటారు సైకిలేదో ఆగిన చప్పుడుకి చటుక్కున లేచి, తలుపు చాటుకి జరిగింది. ఆ జరగడంలోనే మిగతా వాక్యం ఉంది.

"ఏం కాదులే," అన్నాడు మాస్టారు. పరీక్షరోజు ఒణికే పిల్లలకి చెప్పినట్టే చెప్పాడు. పిల్లలు నమ్ముతారు ఆ మాటని. ఆమె నమ్మలేదు.

వచ్చింది రాజుగారి పాలేరు. "ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందండి. మళ్ళీ చేత్తారంట. మాస్టారితోనే మాట్లాడాలన్నారంట. రాజుగారు బేగి రమ్మన్నారండి."

రాజుగారింటికి దారి చెరువుగట్టు మీంచే. రోజూ నడిచే గట్టే. ఆ పూట ఒక పక్క చెరువూ ఒక పక్క చెరువూ రెండు వైపులనుంచీ మీదకొస్తున్నట్టుంది. గాల్లో చేపలకి వేసే కోడిపెంట వాసన, దాని మీద నిన్న కొట్టిన మందు వాసన. అలవాటైన ముక్కులకి అది వాసనే కాదు. ఇవాళ మాత్రం తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. వెనక్కి చూశాడు. దూరంగా, అడుగులో అడుగేసుకుంటూ, రత్నమాణిక్యం వస్తోంది. వద్దని చెయ్యి ఊపాడు. ఆమె ఆగలేదు.

రాజుగారి దొడ్డినిండా జనం. ఆ ఊళ్ళో ఫోనున్నది ఆ వరండాలోనే. మెట్ల కింద బుల్లియ్య గొంతుక్కూచుని ఉన్నాడు, తువ్వాలు నోట్లో కుక్కుకుని. జీపులో చోటు లేదని పెళ్ళాన్నొక్కదాన్నే ఎక్కించుకుపోయారు. తాను రాజుగారి చెరువు మీద మనిషి, రాజుగారు వెళ్ళమనేదాకా ఎక్కడికి పోతాడు? మాస్టార్ని చూసి లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

సత్యనారాయణరాజుగారు కేన్ కుర్చీలో కూచుని ఉన్నారు. తెల్లపంచె, మడత నలగని చొక్కా. బడి కమిటీకి ఛైర్మను ఆయనే, బడి చుట్టూ ఉన్న చెరువులూ ఆయనవే.

"రండి మాస్టారూ, రండి. కూచోండి. కాఫీ పుచ్చుకుంటారా?" అని, నవ్వి, "మా ఇంట్లో పుచ్చుకుంటారుగా, తెలుసులెండి," అన్నారు.

మాస్టారి చెవులు వేడెక్కాయి. "వద్దండి. పాపాయి ఎలా ఉందండి?"

"ఆ భగవంతుడి దయ. డాక్టరు మీతోనే మాట్లాడతానన్నాడు, మళ్ళీ చేస్తాడు. ఈలోపు మనం ఒక ముక్క అనుకుందాం." రాజుగారు కుర్చీ దగ్గరకి లాక్కున్నారు. గొంతు తగ్గించారు. "మీరు తిన్నానన్నారట."

"ఆయ్."

"మంచిదే. మీరు తిని గుండ్రాయిలా ఉన్నారంటే అన్నం మంచిదన్నమాట. అన్నం మంచిదైతే మరి చెడ్డదేది? జనం చూపు ఎటు తిరుగుతుందండి? నిన్న నా చెరువులకి మందు కొట్టించాను. ఊరంతా చూసింది."

"నేనలా అనలేదండి."

"మీరనక్కర్లేదండి. మీరు తిన్నారు, అంతే చాలు. మిగతాది వాళ్ళే అనుకుంటారు." ఆయన మాస్టారి మోకాలి మీద చెయ్యేశారు. చల్లటి చెయ్యి. "మా నాన్నగారి రోజుల్లో మీ తరహావాళ్ళు మా ఇంట్లో పూజకొస్తే, నూతిలో నీళ్ళు కూడా వాళ్ళే తోడుకునేవారండి. నేను చూసి పెరిగినవాణ్ణి. అలాంటిది మీరు పేట చేతి కూడు తిన్నారంటే... నమ్మమంటారా? నేనేం అబద్ధం చెప్పమనట్లేదు మాస్టారూ. నిజం చెప్పమంటున్నాను. నిజం చెప్పడానికి భయమెందుకు? మీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. ఎంఈవో మనవాడే."

ఇన్నేళ్ళ నౌకరీలో భాస్కరం నేర్చుకున్నది ఒకటుంది. పెద్దమనిషి అబద్ధం చెప్పమన్నప్పుడు కంటే నిజం చెప్పమన్నప్పుడే ఎక్కువ భయపడాలి. ఆ నిజం ఎవరి నెత్తిన పడాలో అప్పటికే చూసి పెట్టుకునుంటాడు. మాస్టారి చూపు జనం మీంచి గేటు దాకా పోయింది. రత్నమాణిక్యం గేటు పక్కన నిలబడి ఉంది. ఇటే చూస్తోంది. తల అడ్డంగా, ఊపీ ఊపనట్టు ఊపింది. చెప్పకండి అని.

ఫోను మోగింది.

రాజుగారే ఎత్తి, "ఇస్తున్నానండి" అని రిసీవరు మాస్టారి చేతిలో పెట్టారు.

"హలో, మాస్టారేనా?" కుర్ర డాక్టరు గొంతు, గరగరమంటూ, ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు. "టైము లేదండి, అడిగినదానికి చెప్పండి. మిగతా పిల్లలు ఫరవాలేదు. ఈ ఒక్క పాపకే ఒళ్ళంతా చెమటలు, నోటివెంట చొంగ. ఇది అన్నం తేడా చేసిందా, ఏదైనా మందు ఎక్కిందా అనేది నాకు తేలాలి. రెంటికీ ఇచ్చే ఇంజెక్షను వేరు. ఒకటనుకుని ఇంకోటిస్తే ఈ పిల్ల తట్టుకోదు. పెద్దవాళ్ళెవరైనా ఆ అన్నం తిన్నారా? మీరు తిన్నారని ఊరినుంచి వచ్చినవాళ్ళు చెబుతున్నారు. మీరు తిని బాగున్నారంటే నేను అన్నం మాట వదిలేస్తాను. తిన్నారా?"

అవునను, అని ఒక మనసు. గేటు దగ్గర ఆడమనిషి బతుకుతుంది. అవునంటే ఆ డాక్టరు, అబద్ధాన్ని నమ్ముకుని సూది ఎక్కిస్తాడు. ఆ సూది తప్పైతే? తప్పు కాకపోతే? ఏది ఎటు పోతుందో మాస్టారికి తెలీదు. తెలిసింది ఒక్కటే. తాను తిన్నాడో లేదో, అది మాత్రం తెలుసు.

"లేదండి," అన్నాడు.

"వినపడట్లేదు. గట్టిగా చెప్పండి!"

"తినలేదండి."

"మాస్టారూ, లైను బాలేదు. తిన్నారా, తినలేదా? అరిచి చెప్పండి, ఇక్కడ పిల్ల పోతోంది!"

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. "తినలేదండీ! నేను తినలేదు! ఒక్కరోజు కూడా తినలేదు!"

అయిదు తరగతులకీ ఒక్కసారే వినపడాలని ఏళ్ళతరబడి అరిచిన గొంతు అది. దొడ్డిదాకా పోయింది, గేటుదాకా పోయింది.

జనంలోంచి ఆడగొంతు ఒకటి లేచింది. "అయితే మాస్టారు ముట్టుకోలేదా? దాని చేతి తిండే ఇంత చేసింది!" ఆ వెంటే మగగొంతు, "పట్టుకోండ్రా, పారిపోద్ది!" జనమంతా ఒక్కసారి గేటువైపు తిరిగారు. ఆ తిరగడం చూస్తే, చెరువులో మేత వేసిన వైపుకి చేపలు తిరిగినట్టుంది. ఆ వీపుల మధ్యలోంచి రత్నమాణిక్యం ఎర్రచీర ఒక్కసారి కనపడి, మళ్ళీ కనపడలేదు. "బాబోయ్, నేను కాదండి" అన్న కేక మాత్రం వినపడింది.

"హలో, ఉన్నారా? లైన్లోనే ఉండండి," అంటున్నాడు డాక్టరు. అటువైపు ఎవరో నర్సు ఏదో చెబుతోంది, ఆయన "ఖాయంగానా? సరిగా చూశారా?" అంటున్నాడు. మళ్ళీ గొంతు దగ్గరకొచ్చింది. ఈసారి నెమ్మదిగా వచ్చింది. లైను కూడా ఎందుకో తేటపడింది. "మాస్టారూ, ఒక సంగతి. మిగతా పిల్లలంతా కక్కింది అన్నమూ సాంబారే. ఈ పాప కడుపు ఇప్పుడే కడిగారు. ఒక్క మెతుకు లేదండి. ఈ పిల్ల ఇవాళ మీ బళ్ళో అన్నం తిననే లేదు."

"తినలేదా?"

"లేదు. మీరు చూడలేదా?"

చూడలేదు. అప్పుడు ఆయన వీపు పిల్లలవైపు ఉంది.

"మరేం తింది? ఎక్కడ తింది, ఎవరిచ్చారు? ఆ పిల్ల మధ్యాహ్నం ఎటు వెళ్ళిందో కనుక్కోండి. ఆ చెరువుల దగ్గరేమైనా..."

టక్కున ఆగిపోయింది. భాస్కరం రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఏం లేదు. తల దించి చూస్తే ఫోను మీద రాజుగారి వేలుంది. ఉంగరం ఉన్న వేలు. నొక్కి పెట్టి ఉంది.

"చాల్లెండి మాస్టారూ," అన్నారు రాజుగారు, చాలా మర్యాదగా. "చెప్పాల్సింది చెప్పేశారు."

"రాజుగారూ, ఆ పిల్ల అన్నమే తినలేదటండి! అక్కడ ఆవిణ్ణి చంపేస్తున్నారు, ఆపండి! డాక్టరు అంటున్నది..."

"డాక్టరు ఏమన్నాడో నేను వినలేదండి." వేలు ఫోను మీదనే ఉంది. "మీరూ వినలేదు."

గేటు దగ్గర గోల పెరిగింది. ఏదో విరిగిన చప్పుడైంది, కర్రో, కావిడిబద్దో. ఇందాక దొడ్డంతా దద్దరిల్లేలా అరిచిన మాస్టారు ఇప్పుడు మూగబోయిన రిసీవరు పట్టుకుని గేటువైపు చూస్తున్నాడు. మెట్ల మీద ఎవరో ఎక్కివస్తున్న చప్పుడు వినిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఆ వరండా మీద కాలు పెట్టనివాడు, పెట్టాలనుకోనివాడు, బుల్లియ్య, బురదకాళ్ళతో వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. రాజుగారివైపు చూడలేదు.

"మాస్టారండీ," అన్నాడు. "నా కూతురు గురించి ఏవన్నారండి డాక్టరుగారు?"